కోఠిలో కొన్న లివర్ లోబ్యూల్ మోడల్: బొమ్మ బాగుంది, కార్డే కొంప ముంచుతది

ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడూ బొమ్మకే, డబ్బాలో పెట్టి ఇచ్చిన కార్డుకు విడిగా మార్కులు వెయ్యమంటే సున్నా కూడా ఎక్కువే. ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్ పిల్లలకో బీఎస్సీ ఎంఎల్‌టీ పిల్లలకో బయోకెమిస్ట్రీ చెప్పేవాళ్లు ఇట్లాంటి లోబ్యూల్ (లివర్‌ల కణాలు గుంపుగ అమరిన చిన్న ముక్క) మోడల్ కొందామనుకుంటే జర ఓపిగ్గా చదవండి, కొంచెం పెద్దగనే రాస్తున్న, ఎందుకంటే ఆ కార్డు చూసి బట్టీ పట్టిన పిల్లలు వైవాలో ఎక్కడ ఇరుక్కుంటరో ట్యూషన్ చెప్పేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

కొన్నది కోఠిలనే. ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌ల దిగి మెడికల్ బుక్ షాపుల వైపు నడిస్తే ఆప్రాన్లు, స్టెతస్కోపులు, బోన్ సెట్లు అన్నీ వరసగా కనిపిస్తయి కదా, అట్లాంటి షాపుల్లో ఒకటి, పేరు చెప్పను. బండి మీద మాత్రం పోకండి, పార్కింగ్ కోసం తిరిగే టైంలో క్లాస్ ఒకటి అయిపోతది. షాపాయన ముందు మూడు వేల ఎనిమిది వందలు అన్నడు, "అన్నా, కాలేజీకి కాదు, ఇంట్ల ట్యూషన్ పిల్లలకు" అంటే "మేడం, మీరు రెగ్యులర్ కస్టమర్ అని తగ్గిస్తున్న" అని మూడు వేల రెండు వందలకు ఇచ్చిండు. నేను ఆ షాపుకు పోవుడు అదే మొదటిసారి, అది వేరే ముచ్చట. బిల్లు అడిగితే మొహం చిట్లించకుండ ఇచ్చిండు, ప్యాకింగ్ కూడా మంచిగ చేసిండు.

ఇగ బొమ్మ సంగతి. ఆరు మూలల పలక, రెండు జానల వెడల్పు, కింద నల్ల రంగు స్టాండ్. నడుమ సెంట్రల్ వెయిన్, ఆరు మూలలకు ఆరు పోర్టల్ ట్రయాడ్లు, అంటే నీలం రంగులో పోర్టల్ వెయిన్, ఎర్రగ హెపాటిక్ ఆర్టరీ, ఆకుపచ్చగ బైల్ డక్ట్ (పైత్యరసం పోయే గొట్టం). మూలల నుంచి నడిమికి హెపటోసైట్ల, అంటే లివర్ కణాల వరసలు, వాటి మధ్యల సైనసాయిడ్లు, అంటే రక్తం పారే సన్నటి దారులు. ఒక ముక్క ఊడదీయొచ్చు, దాన్ని తీస్తే లోపల బైల్ కెనాలిక్యులై సన్నని పచ్చ గీతల్లాగ కనపడతయి, కుప్ఫర్ సెల్స్ (చెత్తను మింగే కణాలు) కూడా అక్కడక్కడ పెట్టిండ్రు. పెయింటింగ్ నీట్‌గ ఉంది, రంగు ఒకదాని మీదికి ఒకటి పోలేదు. అసలు సైజులో ఈ లోబ్యూల్ అడ్డంగ ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లే ఉంటది, అంత చిన్నదాన్ని టేబుల్ మీద పెట్టి పదిమంది పిల్లలు చుట్టూ నిలబడి చూసేటట్టు చేసిండ్రంటే ఆ పనితనానికి దండం పెట్టాలె. వాసన మాత్రం మొదట్ల టర్పెంటైన్ కొట్టింది, బాల్కనీల ఆరబెట్టినంక పోయింది.

అన్నిటికంటే నాకు నచ్చినవి బాణం గుర్తులు. రక్తం మూలల నుంచి నడిమికి, బైల్ నడిమి నుంచి మూలలకు, ఎదురెదురు దిక్కుల్లో ఎరుపు పచ్చ బాణాలు గీసిండ్రు. పుస్తకంల బొమ్మ ఎంత చూపించినా ఈ ఎదురు ప్రవాహం పిల్లల బుర్రకెక్కదు, దీని మీద వేలు పెట్టి గీస్తే ఒక్క నిమిషంల ఎక్కింది. లివర్‌కు వచ్చే రక్తంల మూడొంతులు పోర్టల్ వెయిన్ నుంచే, అంటే పేగులు, ప్లీహం, ప్యాంక్రియాస్ తిరిగి ఆక్సిజన్ కొంత ఖర్చయిపోయిన రక్తం, మిగిలిందే ఆర్టరీ నుంచి వచ్చే తాజా రక్తం. రెండూ మూల దగ్గర కలిసి సైనసాయిడ్‌లోకి దిగుతయి. దిగే చోట ఆక్సిజన్ ప్రెషర్ 60 నుంచి 65 మిల్లీమీటర్ల మెర్క్యురీ దగ్గర ఉంటది, సెంట్రల్ వెయిన్‌కు చేరేసరికి 30, 35కు పడిపోతది. దారి అయిపోయేసరికి సగం ఖాళీ అన్నట్టు. మా బస్తీల మంజీరా నీళ్లు ఇడిసినప్పుడు లైను మొదట్ల ఉన్నోళ్లకు మోటర్ లేకుండనే ట్యాంకు నిండుతది, లైను చివర ఉన్నోళ్లకు సన్నటి ధార, అది కూడా మొదటి ఇండ్లోళ్లు వాడుకోంగ మిగిలింది, ఇది చెప్పంగనే "మేడం, మాది లాస్ట్ ఇల్లే" అన్నది ఒక పిల్ల, ఇగ లైను చివరి కణాల గురించి, అంటే జోన్ త్రీ గురించి ఆ పిల్లకు వేరే చెప్పే పని పడలేదు.

మూలకు దగ్గర ఉండేది జోన్ వన్, దాన్నే పెరిపోర్టల్ అంటరు. సెంట్రల్ వెయిన్ చుట్టూ ఉండేది జోన్ త్రీ, పెరివీనస్ అనో పెరిసెంట్రల్ అనో అంటరు. నడుమది జోన్ టూ. మోడల్ల వన్‌కు గులాబి, టూకు పసుపు, త్రీకి ఊదా రంగు. ఇక్కడ ఒక చిన్న కిరికిరి ఉంది, లోబ్యూల్ అనే ఆరు మూలల బొమ్మ కియర్నన్ 1833లో వర్ణించింది, జోన్లు ఒకటి రెండు మూడు అని నంబర్లు వేసింది రాపపోర్ట్ 1954లో ఎసినస్ అనే వేరే లెక్కల (రక్తం వచ్చే దారిని బట్టి లివర్‌ను విడగొట్టేది), రెండిటి ఆకారం ఒకటి కాదు. ఒకదాని బొమ్మ మీద ఇంకోదాని నంబర్లు వేసి ఈ కంపెనీవాళ్లు ఖిచిడీ చేసిండ్రు, కానీ అందరూ చేసే పనే కాబట్టి దానికి మార్కులు కొయ్యను.

ఇంకోటి, ఆరు అంచుల వెంబడి తెల్లటి గోడ లాగ కనెక్టివ్ టిష్యూ పెట్టిండ్రు. అట్లాంటి గోడ పంది లివర్ల ఉంటది, స్లైడ్ పెట్టి చూస్తే గళ్లు గళ్లుగ కనపడతది. మనిషి లివర్ల అంత స్పష్టంగ ఉండదు, ట్రయాడ్లు ఎక్కడున్నయో చూసుకోని మనమే మనసుల గీత గీసుకోవాలె. మనిషి స్లైడ్‌ల ఇట్లాంటి తెల్లగోడలు వచ్చినయంటే అది సిర్రోసిస్ వైపు పోయే ఫైబ్రోసిస్, అంటే లివర్ల మచ్చ కట్టుడు, కావచ్చు. కార్డు మీద "హ్యూమన్ లివర్" అని రాసి పంది గోడ పెడితే ఎట్లా?

ఇప్పుడు కార్డు దగ్గరికొద్దాం. లామినేట్ చేసిన ఏ ఫోర్ కాగితం, ఒక పక్క పేర్లు, ఇంకో పక్క "మెటబాలిక్ జోనేషన్" (ఏ జోన్ల ఏ పని ఎక్కువ అన్న పంపకం) అని మూడు డబ్బాలు. గులాబి డబ్బాలో గ్లూకోకైనేజ్ (గ్లూకోజ్‌ను పట్టే ఎంజైమ్), గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ (గ్లూకోజ్‌ను ఇడిసే ఎంజైమ్), గ్లైకోజెన్ (గ్లూకోజ్ నిల్వ). పసుపు డబ్బాలో "మిక్స్‌డ్". ఊదా డబ్బాలో హెక్సోకైనేజ్, ఫ్యాట్, డ్రగ్స్. అంతే, గ్లూకోజ్ గురించి ఆ కార్డు చెప్పేది ఇంతే, అందుల సగం తలకిందులు.

గ్లూకోకైనేజ్ ఎక్కువుండేది సెంట్రల్ వెయిన్ వైపు, అంటే జోన్ త్రీ వైపు. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే గ్లైకాలిసిస్‌ల చివర్ల వచ్చే లివర్ రకం పైరువేట్ కైనేజ్ కూడా అటే ఎక్కువ. దానికి ఎదురుగ గ్లూకోజ్ తయారు చేసే ఎంజైములు, పెప్‌సీకే అని మనం ముద్దుగ పిలిచే ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సీకైనేజ్, ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, ఈ మూడూ పోర్టల్ వైపు ఎక్కువ. ఇగ హెక్సోకైనేజ్ అని త్రీలో విడిగ రాసుడైతే ఇంకా ఘోరం, ఎందుకంటే లివర్ కణాల్లో గ్లూకోజ్‌ను పట్టే పని ప్రధానంగ చేసేదే గ్లూకోకైనేజ్, దాని ఇంకో పేరే హెక్సోకైనేజ్ 4. మెదడు, కండరాల్లో ఉండే హెక్సోకైనేజ్‌కు గ్లూకోజ్ చాలా తక్కువున్నా పట్టుకునే గుణం ఉంటది, గ్లూకోకైనేజ్‌కు సగం స్పీడు రావాలంటే గ్లూకోజ్ 8 మిల్లీమోలార్ దగ్గర ఉండాలె, అంటే మన షుగర్ రిపోర్టు లెక్కల సుమారు 144. తిన్నంకనే దానికి చేతినిండ పని అన్నట్టు. పైగ చేసిన సరుకు, అంటే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, పేరుకుపోయినా మామూలు హెక్సోకైనేజ్ లాగ ఇది ఆగిపోదు. అందుకే బిర్యానీ తిన్న రాత్రి లివర్ అంత గ్లూకోజ్‌ను గుంజుకోగలుగుతది.

ఈ తప్పు ఎట్ల వచ్చిందో నేను ఊహించగలను. తిన్న గ్లూకోజ్ పోర్టల్ వెయిన్‌ల వస్తది, ముందు తగిలేది జోన్ వన్, కాబట్టి గ్లూకోజ్‌ను పట్టే ఎంజైమ్ అక్కడనే ఉండాలె కదా అని ఎవరో కుర్చీల కూర్చోని తేల్చేసిండ్రు. వినడానికి సబబుగనే ఉంటది, మా పిల్లల్లో కూడా సగం మంది ఇదే అంటరు. కానీ సైనసాయిడ్ పొడుగున గ్లూకోజ్ అంత పెద్దగ పడిపోదు, చివరి కణం దాకా కావలసినంత అందుతనే ఉంటది. పడిపోయేది ఆక్సిజన్. కాబట్టి ఏ పని ఎక్కడ అన్నది గ్లూకోజ్ ఎక్కడ ముందు తగులుతది అనేదాన్ని బట్టి చూస్తే అర్థం కాదు, ఏ పనికి ఆక్సిజన్ ఎక్కువ కావాలె అని అడిగితే టక్కున అర్థమైతది.

లాక్టేట్ (గ్లూకోజ్ విరిగితే వచ్చేది) నుంచి ఒక గ్లూకోజ్ చెయ్యాలంటే నాలుగు ఏటీపీలు, రెండు జీటీపీలు ఖర్చు, ఇవి కణం ఖర్చు పెట్టే శక్తి. ఇంత కరెంటు బిల్లు కట్టాలంటే ఫ్యాటీ యాసిడ్లను ఆక్సిజన్‌తో కాల్చాలె, ఆ బీటా ఆక్సిడేషన్ కూడా జోన్ వన్ల ఎక్కువ. కాబట్టి గ్లూకోనియోజెనిసిస్, అంటే గ్లూకోజ్ కొత్తగ తయారు చేసుడు, అక్కడ కుదురుకుంది. గ్లైకాలిసిస్‌కు ఆక్సిజన్‌తో పని లేదు, చివరి ఇంట్ల కూడా నడుస్తది, దాని వెనకాలనే కొవ్వు తయారీ కూడా అటే ఎక్కువ. రెండు పనులు ఒకే కణంల ఒకేసారి జోరుగ నడిస్తే ఏమైతది? ఒక పక్క గ్లూకోకైనేజ్ ఏటీపీ పెట్టి గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తది, ఇంకో పక్క గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ దాన్ని పీకేస్తది, చేతికి వచ్చింది ఏమీ లేదు, ఏటీపీ మాత్రం తగలబడ్డది. ఫ్యూటైల్ సైకిల్ అని వైవాలో అడిగేది ఇదే. కొంత తిరుగుడు ఎట్లైనా ఉంటది గాని, పనులు వేరే వేరే కణాలకు పంచుకుంటే అది తగ్గుతది. ఆ కార్డు చేసిన ఘనకార్యం ఏందంటే, ఈ రెండు ఎంజైములనూ తీసుకపోయి ఒకే గులాబి డబ్బాలో పక్కపక్కన కూర్చోబెట్టింది!

సరే, కార్డు చింపేసి బొమ్మతోనే చెప్దాం అనుకుంటే బొమ్మల కూడా ఒక తంటా ఉంది. మూడు రంగుల మధ్య గాడి కొట్టిండ్రు, వేలితో తడిమితే తగులుతది. గులాబి ఐపోంగనే పసుపు, పసుపు ఐపోంగనే ఊదా. దీన్ని చూసిన మా స్టూడెంట్ ఒకామె అడిగింది, "మేడం, అంటే జోన్ త్రీలో అసలు గ్లూకోజ్ తయారే కాదా?" అని. ఇంత మంచి ప్రశ్న బొమ్మ వల్లనే వచ్చింది, ఆ క్రెడిట్ ఇవ్వాలె, కానీ జవాబు బొమ్మల లేదు. తయారైతది, తక్కువ తయారైతది. ఎలుకల లివర్ల కొలిస్తే ఈ ఎంజైముల తేడా రెండు రెట్లు, మూడు రెట్లు అట్ల ఉంటది గాని అక్కడ ఫుల్లు ఇక్కడ నిల్లు అని ఉండదు. ఒక మూల నుంచి సెంట్రల్ వెయిన్ దాకా ఉండే పది పదిహేను, ఇరవై కణాల వరసల ఒక ఎంజైమ్ మెల్లమెల్లగ తగ్గుకుంట పోతది, ఇంకోటి మెల్లమెల్లగ పెరుగుకుంట వస్తది. మధ్యల గోడ లేదు, గేటు లేదు. రంగు కూడా గులాబి నుంచి ఊదాకు మెల్లగ కలిసిపోయేటట్టు స్ప్రే కొడితే ఎంత బాగుండేది, ఖర్చు కూడా పెద్దగ పెరగదు.

పైగ ఆ తేడా పొద్దున ఒక తీరు, రాత్రి ఒక తీరు. ఉపవాసం ఉన్నప్పుడు గ్లూకగాన్ (రక్తంల షుగర్ పెంచే హార్మోన్) పెరిగి పెప్‌సీకే పెరుగుతది, గ్లూకోకైనేజ్ తగ్గుతది. తిన్నంక ఇన్సులిన్ వచ్చి గ్లూకోకైనేజ్ జీన్‌ను లేపుతది, పెప్‌సీకేను అణుస్తది. ఈ హార్మోన్లు రెండూ ప్యాంక్రియాస్ నుంచి పోర్టల్ రక్తంలనే వస్తయి, దారిలనే లివర్ కొంత మింగేస్తది, కాబట్టి జోన్ వన్‌కు తెలిసేది, జోన్ త్రీకి తెలిసేది ఒకటి కాదు. ఆక్సిజన్ కూడా ఇందుల వేలు పెడుతది, ఆక్సిజన్ ఎక్కువున్న చోట గ్లూకగాన్ మాట పెప్‌సీకేకు గట్టిగ వినపడతది, తక్కువున్న చోట ఇన్సులిన్ మాట గ్లూకోకైనేజ్‌కు గట్టిగ వినపడతది. ల్యాబ్‌ల పెంచిన కణాల మీద ఇది చూపించింది జర్మనీల గోటింగెన్ యూనివర్సిటీల యుంగర్‌మన్ గ్రూపు. అసలు ఈ మెటబాలిక్ జోనేషన్ అన్న ఆలోచనను 1970ల చివర్ల నిలబెట్టింది కుర్ట్ యుంగర్‌మన్, నోర్బర్ట్ కట్జ్ వాళ్లే, 1989లో ఫిజియలాజికల్ రివ్యూస్‌ల వాళ్లు రాసిన పెద్ద రివ్యూను ఇప్పటికీ తిరగేస్తరు. కార్డుల వీళ్ల పేర్లు లేకపోయినా ఏం బాధ లేదు, వాళ్లు చెప్పింది తిరగేసి రాయకుంటే చాలు.

గ్లైకోజెన్ కూడా జోన్ వన్ డబ్బాలో మాత్రమే రాసిండ్రు, అది ఇంకో అన్యాయం. గ్లైకోజెన్ లోబ్యూల్ అంతటా ఉంటది, చేసే దారే వేరు. సెంట్రల్ వెయిన్ వైపు కణాలు ఎక్కువగ రక్తంల గ్లూకోజ్‌ను నేరుగ పట్టి గ్లైకోజెన్ చేస్తయి. పోర్టల్ వైపు కణాలు లాక్టేట్, అమైనో యాసిడ్లు తీసుకోని, వాటి నుంచి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ దాకా పైకెక్కి, అక్కడి నుంచి గ్లైకోజెన్ చేస్తయి, చుట్టూ తిరిగొచ్చే దారి. యుంగర్‌మన్ వాళ్ల లెక్క ప్రకారం తిన్నంక ఒక టైంల చివరి కణాలు గ్లూకోజ్‌ను విరగ్గొట్టి లాక్టేట్ ఇడుస్తుంటే, అది రక్తంల ఒక చుట్టు తిరిగి మళ్లీ లివర్ మొదటి కణాలకు ముడిసరుకు అయితది. ఒకే లివర్ అటు తిని ఇటు ఇస్తుంటది. ఇది బొమ్మ మీద వేలుతో చూపించినప్పుడు పిల్లల మొహాలు చూడాలె, ఊడదీసే ముక్క పెట్టినందుకు కంపెనీకి ఆ రోజు మనసుల థాంక్స్ చెప్పిన.

అసలు గోడ కట్టినట్టు గీత గీయాల్సిన ఎంజైమ్ ఒకటుంది, దాన్నేమో వీళ్లు మర్చేపోయిండ్రు! గ్లుటమిన్ సింథటేజ్. 1983లో గెబ్‌హార్ట్, మెకె అనే పరిశోధకులు ఎలుక లివర్ల చూపించింది ఏందంటే అది సెంట్రల్ వెయిన్‌ను ఆనుకోని ఉన్న ఒకటి రెండు వరసల కణాల్లోనే ఉంటది, ఆ పక్క కణంల వెతికినా దొరకదు. తిన్నా తినకపోయినా అది అక్కడి నుంచి కదలదు. అమ్మోనియాను ముందు జోన్ల కణాలు యూరియాగ మారుస్తయి, తప్పించుకున్న కొంచెం ఈ చివరి కణాలు గ్లుటమిన్‌గ పట్టేస్తయి. గ్లూకోజ్ ఎంజైములు మెల్లగ ఏటవాలుగ మారుతయి, ఇదేమో కత్తితో కోసినట్టు. ఈ రెండు రకాలూ పక్కపక్కన చూపిస్తే జోనేషన్ అంటే ఏందో పిల్లలకు పూర్తిగ అర్థమైతది. సెంట్రల్ వెయిన్ చుట్టూ ఒక్క వరస కణాలకు వేరే రంగు వేస్తే అయిపోయేది, గోరింటాకు చుక్క అంత పెయింటు పని.

"మరి ఆక్సిజన్ తక్కువైతేనే అన్నీ అట్ల అమరుతయా?" అని ఇంకో పిల్లోడు, అన్నీ గెలికే రకం. ఆక్సిజన్ ఒక్కటే కాదు. సెంట్రల్ వెయిన్ గోడల ఉండే ఎండోథీలియల్ కణాలు వింట్ అనే సిగ్నల్ ప్రోటీన్లను ఇడుస్తుంటయి, వాటికి దగ్గరున్న హెపటోసైట్లల్ల బీటా-కెటెనిన్ అనే దారి తెరుచుకుంటది, గ్లుటమిన్ సింథటేజ్ లాంటివి దాని మాట మీదనే నడుస్తయి. దూరం పోయిన కొద్దీ ఏపీసీ అనే ప్రోటీన్ ఆ దారిని మూసి పెడుతది, 2006లో చిట్టెలుకల్లో ఆ ఏపీసీని తీసేసి చూస్తే పోర్టల్ వైపు కణాలు కూడా సెంట్రల్ వేషం వేసినయి. 2017లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ల ఇట్జ్‌కోవిట్జ్ వాళ్లు చిట్టెలుక లివర్‌ను ఒక్కొక్క కణంగ విడదీసి చదివితే, అందుల పని చేస్తున్న జీన్లల్ల దాదాపు సగం ఏదో ఒక పక్కకు మొగ్గినవే అని తేలింది. వాళ్లు లోబ్యూల్‌ను మూడు కాదు, తొమ్మిది పొరలుగ చేసి చూసిండ్రు. మూడు రంగుల బొమ్మ ముందు కూర్చోని ఈ మాట చెప్తుంటే నాకే నవ్వొచ్చింది.

ఊదా డబ్బాలో "డ్రగ్స్" అని రాసింది మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్ట్, ఒప్పుకోవాలె. సైటోక్రోమ్ పీ450లు (మందులను మార్చే ఎంజైములు), ముఖ్యంగ సీవైపీ2ఈ1, సెంట్రల్ వెయిన్ చుట్టే ఎక్కువ. పారాసెటమాల్ ఓవర్‌డోస్ అయితే ఆ ఎంజైమ్ దాన్ని విషంగ మారుస్తది, కాపాడే గ్లూటాథయోన్ అక్కడ తక్కువ, ఆక్సిజనూ తక్కువ, అందుకే ముందు చచ్చేది జోన్ త్రీ. షాక్‌ల బీపీ పడిపోయినా మొదటి దెబ్బ అటే. పెద్దోళ్ల ఫ్యాటీ లివర్ కూడా ఎక్కువగ అటు నుంచే మొదలైతది. ఈ ముక్క సెకండ్ ఇయర్ పాథాలజీకి పోయినంక మళ్లీ మళ్లీ తగులుతది, అప్పుడు ఈ బొమ్మ గుర్తుకొస్తే పెట్టిన పైసలు వసూలైనట్టే. మా ఇంటికి వచ్చే పిల్లలల్ల దాదాపు ప్రతి ఒక్కరి ఇంట్ల ఒక షుగర్ పేషెంట్ ఉంటడు, "మా డాడీ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏ జోన్ల పని చేస్తది మేడం" అని అడుగుతరు. లివర్ గ్లూకోజ్ తయారీని తగ్గిస్తది, ఆ తయారీ ఎక్కువగ ఎటు నడుస్తదో బొమ్మల చూపించిన, అంతవరకే. గోలీ జోన్ చూసుకోని పోదు కదా, దాని గురించి డాడీ డాక్టర్‌ను అడగమన్న.

కార్డుల ఇంకో లోటు, ఈ ముచ్చట్లల్ల చాలావరకు ఎలుకల్లో, చిట్టెలుకల్లో కొలిచినవి అని ఒక్క ముక్క కూడా రాయలేదు. మనిషి లివర్ల కూడా మొత్తం మీద పంపకం ఇట్లనే ఉంటది గాని, రెండు రెట్లు మూడు రెట్లు అన్న అంకెలను ఎత్తుకపోయి మనిషికి అంటగట్టొద్దు.

షాపాయనకు ఫోన్ చేసి చెప్పిన, "అన్నా, కార్డుల గ్లూకోకైనేజ్ తప్పు జోన్ల ఉంది" అని. "మేడం, మేము అమ్ముడే, ప్రింటింగ్ కంపెనీ వాళ్లది, ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ చెయ్యలే" అన్నడు. అది నిజమే అయి ఉంటది, అదే నాకు భయం. మార్చి ఇస్తవా అంటే కొత్త కార్డు పంపిస్తనన్నడు, పంపిస్తే ఇక్కడనే కింద రాస్తా. బొమ్మను వాపసు తీసుకునే ముచ్చట ఎత్తలేదు, నాక్కూడా ఇవ్వాలని లేదు.

నేను చేసుకున్న రిపేరు చెప్తా, కొన్నోళ్లకు పనికొస్తది. కార్డు వెనక తెల్ల కాగితం అంటించి రెండు పొడుగు త్రికోణాలు గీసిన, ఒకటి పోర్టల్ వైపు లావుగ మొదలై సెంట్రల్ వైపు సన్నబడేది, దాంట్ల పెప్‌సీకే, ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫటేజ్, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, దానికి ఉల్టా ఇంకోటి, దాంట్ల గ్లూకోకైనేజ్, పైరువేట్ కైనేజ్. కింద ఆక్సిజన్ అంకెలు. సెంట్రల్ వెయిన్ చుట్టూ మొదటి వరస కణాలకు నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్కలు పెట్టిన, అది గ్లుటమిన్ సింథటేజ్. గాడులను ఎం-సీల్‌తో పూడ్చి పైన రంగు కలపొచ్చు, చేతి పని వచ్చినోళ్లు చేసుకోండి, నాతోని కాలే. వైవా ప్రాక్టీసుల పిల్లలను బొమ్మ ముందు నిలబెట్టి "రాత్రి పది గంటలకు తిని పండుకున్నవు, పొద్దున ఆరింటికి ఏ కణం ఏం చేస్తుంటది" అని అడుగుతున్న, కార్డు చూడనోళ్లే బాగ చెప్తున్నరు.

కాలేజీ డెమో రూముకు కొనేటట్టైతే బొమ్మ కొనండి, కార్డు షాపుల్నే ఇడిసిపెట్టి రండి. ఒక్క స్టూడెంట్ తన కోసం కొనుక్కోవాలంటే మూడు వేలు దండగ, నాలుగు రంగుల పెన్సిళ్లు, ఒక డ్రాయింగ్ షీటు చాలు, గీసుకుంటేనే ఇంకా బాగ గుర్తుంటది. అదే షాపుల లివర్ చార్టు కూడా ఉంది, తక్కువ రేటు, అందుల జోన్ల ముచ్చటనే లేదు కాబట్టి తప్పు కూడా లేదు. మోడల్ తీసుకునేటోళ్లు డబ్బా అక్కడనే విప్పించి ఆరు మూలల పచ్చ గొట్టాలు గట్టిగ ఉన్నయా లేవా కదిపి చూసుకోండి, నా పీసుల ఒకటి ఇంటికొచ్చేలోపే ఊడింది, ఫెవిక్విక్ చుక్కతో అతికింది.